ఆ డ్రయ్యర్‌ను సర్వీసు పుస్తకంలోకి ఎక్కించండి

డెట్రాయిట్‌లో, స్టట్‌గార్ట్‌లో, బెంగళూరులో, హైదరాబాదులో కార్ల సస్పెన్షన్ మీద పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు,



ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు కొన్నవాళ్లకు కంపెనీ ఇచ్చే సర్వీసు పుస్తకంలో ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఉంటుంది. క్యాబిన్ ఫిల్టర్, బ్రేకు ఆయిల్, వైపర్ బ్లేడ్ల సంగతి కూడా ఉంటుంది. సస్పెన్షన్‌లోకి వెళ్లే గాలిని ఆరబెట్టే డ్రయ్యర్ గురించి మాత్రం, నా చేతికి వచ్చిన పుస్తకాల్లో, ఒక్క వాక్యం కూడా కనబడలేదు. దాన్ని అందులోకి ఎక్కించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను మినియాపొలిస్ శివార్లలో ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల ఎయిర్ బ్రేకుల మీద. ఈ ఉత్తరం మీకే, అదీ తెలుగులోనే ఎందుకు రాస్తున్నానంటే, వాల్వు బ్లాకు డ్రాయింగు గీసేవాళ్లలో మీరున్నారు, కంప్రెసర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో మీరున్నారు, ఏ భాగం ఎన్నాళ్లకు మార్చాలో తేల్చే సమావేశాల్లోనూ మీరున్నారు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోనో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనో కూర్చుని మీరు పెట్టిన ఒక గీత ఇక్కడ మంచులో నిలబడ్డ కారు దాకా వస్తుంది. ఆ కారు నడిపే కుటుంబాల్లో మనవాళ్లూ ఎక్కువే.

ఇక్కడి చలి సంగతి ఒక్క మాటలో చెప్తాను. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఇదే మిన్నెసోటా రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న టవర్ దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51కి పడిపోయింది. అంత తీవ్రత ఎప్పుడో గానీ రాదు. మైనస్ 20 మాత్రం ఏటా వస్తుంది, దానికే కార్లు మా దగ్గరికి వరసకడతాయి. వచ్చినవాళ్లు చెప్పేదీ దాదాపు ఒకటే: "రాత్రి బాగానే పెట్టాను. పొద్దున చూస్తే వెనక ఎడమవైపు కూలబడిపోయి ఉంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ మోత వినబడుతోంది గానీ కారు లేవడం లేదు. మధ్యాహ్నం ఎండ తగిలాక దానంతటదే లేచింది." ఎండకి లేచిందన్న మాట వింటేనే చాలు, గొట్టాల్లో ఎక్కడో నీళ్లు గడ్డకట్టాయని తెలిసిపోతుంది.

ఆ నీళ్లు చలికాలంలో చేరినవి కావు. అందరూ పొరబడేది ఇక్కడే. మైనస్ 20 దగ్గర ఒక ఘనమీటరు గాలి గ్రాముకు మించి నీటి ఆవిరిని మోయలేదు. చలికాలపు గాలి ఎముకలా ఎండిపోయి ఉంటుంది. మిన్నెసోటా జూలై అలా కాదు. మొక్కజొన్న చేలూ వేల చెరువులూ ఉన్న ఈ నేల మీద ఉక్క మన కోస్తాను తలపిస్తుంది. 30 డిగ్రీల ఎండలో ఘనమీటరు గాలిలో 17 గ్రాముల ఆవిరి ఉండే రోజులు వస్తాయి. కంప్రెసర్ ఆ గాలిని పీల్చి ఎనిమిదో వంతుకు పిండిందనుకోండి. అప్పుడు ఒక్క లీటరు పిండిన గాలితో 0.13 గ్రాముల పైచిలుకు నీరు లోపలికి వస్తుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు గాలి పట్టి ఉంచుకోగలిగింది 0.03 గ్రాములే. మిగతాదంతా చుక్కలై దిగిపోవాల్సిందే. లీటరుకు రెండు చుక్కలు. చూడ్డానికి ఎంతో కాదు గానీ, గాలిని చక్రాలకు పంచే వాల్వు బ్లాకులో సన్నటి రంధ్రాన్ని మూసేయడానికి ఒక్క చుక్క చాలు.

అందుకే మీరు కంప్రెసర్ పక్కన డ్రయ్యర్ పెట్టారు. చిన్న డబ్బా, లోపల సిలికా జెల్ లేదా మాలిక్యులర్ సీవ్ గింజలు. కొత్త బూట్ల పెట్టెలోనూ మందుల సీసాలోనూ కనబడే పొట్లంలో ఉండేవి ఈ జాతివే. కారు పైకి లేచేటప్పుడు గాలి ఈ గింజల గుండా వెళ్తుంది, నీరు గింజలకు అంటుకుంటుంది, ఎండిన గాలి బండిని మోసే రబ్బరు సంచుల్లోకి, అంటే బెల్లోస్‌లోకి పోతుంది. కారు దిగేటప్పుడు అదే గాలి అదే దారిన వెనక్కి వస్తుంది. పీడనం తగ్గి వ్యాకోచించిన ఆ పొడి గాలి గింజలకు పట్టిన నీటిని ఊడ్చుకుని బయటికి తీసుకుపోతుంది. లోపలికి వెళ్తూ నీటిని వదిలిన గాలే తిరిగొస్తూ దాన్ని మోసుకుపోవడం! దీన్ని మొదట ఆలోచించినవాళ్లకు దణ్ణం పెట్టాలని చాలాసార్లు అనిపిస్తుంది నాకు. విద్యుత్తు అక్కర్లేదు, అదనపు మోటారు అక్కర్లేదు, గింజలు మళ్లీ మళ్లీ ఆరుతూనే ఉంటాయి.

అయితే ఈ ఏర్పాటంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. లోపలికి వెళ్లిన గాలి డ్రయ్యర్ గుండానే బయటికి రావాలి. బెల్లోస్ మడత దగ్గర రబ్బరు పగిలినా, ఫిట్టింగ్ దగ్గర ఓ-రింగు గట్టిపడినా, గాలి అక్కడి నుంచే బయటికి పోతుంది. గింజల్ని ఆరబెట్టాల్సిన గాలి వాటి దగ్గరికే రాదు. ఇటు ఎత్తు తగ్గిందని కంప్రెసర్ మళ్లీ తడిగాలి తోస్తుంది. గింజలు తాగడమే తప్ప ఆరడం ఉండదు. రోజుకు అయిదు లీటర్ల పిండిన గాలి కారిపోయే చిన్న లీకు ఉందనుకుంటే, పైన చెప్పిన ఉక్కలో నెల తిరిగేసరికి 20 గ్రాముల నీరు ఆ డబ్బాలోకి చేరుతుంది. సిలికా జెల్ తన బరువులో మూడో వంతు నీరు పడితే గొప్ప. అంటే ఒక్క నెలలో 60 గ్రాముల గింజలు పూర్తిగా నానిపోయినట్టు. ఆ తర్వాత వచ్చే నీరు నేరుగా వాల్వు బ్లాకులోకి, రిజర్వు ట్యాంకులోకి, గొట్టాల వంపుల్లోకి పోయి కూర్చుంటుంది. నానిన గింజలు ఒరిపిడికి పిండై అదే దారిన వెళ్తాయి. ఇదంతా జరిగేది వేసవిలో. కారు మెత్తగా సాగిపోతూనే ఉంటుంది కనుక లోపల కూర్చున్నవాళ్లకు ఏ తేడా తెలియదు. జనవరిలో కూలబడ్డ కారుకు జబ్బు పట్టింది జూలైలో.

చలి వచ్చాక జరిగేదీ చూడండి. రబ్బరు బిరుసెక్కుతుంది, ఓ-రింగులు కుంచించుకుంటాయి, చిన్న లీకు పెద్దదవుతుంది. ఏ లోపమూ లేని కారు కూడా వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల నుంచి బయట మైనస్ 20కి వెళ్తే బెల్లోస్‌లోని గాలి దాదాపు ఏడో వంతు తగ్గిపోతుంది. కారు కాస్త దిగుతుంది. దిగినప్పుడు కంప్రెసర్ పనిలోకి దిగుతుంది. సరిగ్గా గాలి కావాల్సిన ఆ క్షణంలోనే దారిలో గడ్డ అడ్డంగా ఉంటుంది. గాలి ముందుకు పోక కంప్రెసర్ వేడెక్కి ఆగుతుంది, చల్లారి మళ్లీ మొదలెడుతుంది, కొన్నాళ్లు ఇలా గింజుకుని కాలిపోతుంది.

గొట్టాల్లోని గాలినే ట్యాంకుకీ బెల్లోస్‌కీ మధ్య అటూ ఇటూ తిప్పుకునే క్లోజ్డ్ పద్ధతి కార్లు కొన్ని ఉన్నాయి. వాటిలో బయటి గాలి తక్కువగా చేరుతుంది, అది నిజంగానే మేలు. కానీ ఒకసారి తడి చేరితే బయటికి పోయే అవకాశమూ తక్కువే. అప్పుడు మొత్తం ఖాళీచేసి పొడి నైట్రోజన్ నింపాల్సి రావచ్చు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఈ తర్వాతి ఘట్టం. కూలబడ్డ కారును ట్రక్కు మీద ఎక్కించుకుని వర్క్‌షాపుకు తెస్తారు. వర్క్‌షాపు లోపల 18 డిగ్రీలు. గంట తిరిగేసరికి గడ్డ కరుగుతుంది, ఓ-రింగు మెత్తబడి లీకు మూసుకుంటుంది. కంప్యూటరు తగిలిస్తే పాత కోడ్ ఒకటి కనబడుతుంది, చెరిపేస్తే మళ్లీ రాదు. సబ్బు నీళ్లు కొట్టి చూసినా బుడగ లేవదు. బయట చలిలో కొడదామంటే సబ్బు నీళ్లే గడ్డకడతాయి. "లోపం కనబడలేదు" అని రాసి పంపుతారు. కరిగిన నీరు ఇంతలో మరో పల్లానికి చేరి ఉంటుంది, ఆ రాత్రికి అక్కడ గడ్డకడుతుంది. రెండోసారి వస్తే కంప్రెసర్ మారుస్తారు. వెయ్యి డాలర్లు దాటిన బిల్లు. లీకు అలాగే ఉంది, గొట్టాల్లో నీళ్లు అలాగే ఉన్నాయి. కొత్త కంప్రెసర్‌తో వచ్చిన కొత్త గింజలు వచ్చే వేసవికల్లా పాతవాటిలాగే నానతాయి. ఇంకో చలికాలం, ఇంకో బిల్లు. ఇందులో మెకానిక్ మోసం చేయాలనుకోలేదు. మీరు ఇచ్చిన పరీక్షల పుస్తకంలో "కారును రాత్రంతా చలిలో ఉంచి పొద్దున్నే చూడు" అన్న మెట్టు లేదు. "కంప్రెసర్ మార్చే ముందు గొట్టం విప్పి తడి ఉందేమో చూడు" అన్న మెట్టు కూడా లేదు.

ఈ బిల్లులు కడుతున్నది ఎవరో కూడా మీకు తెలియాలి. ఖరీదైన కార్లకు ఇక్కడ మామూలుగా నాలుగేళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ఉంటుంది. మొదటి యజమాని అది తీరగానే కారు అమ్మేస్తాడు. పిల్లలు, పెద్దవాళ్లు, మంచు, అందరికీ సరిపోయే పెద్ద బండి కావాలని వెతికే కొత్త కుటుంబం దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంది. డ్రయ్యర్ అలసిపోయే వయసూ అదే. ఊరునుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని వెళ్తూ దారిలో సస్పెన్షన్ లైటు వెలిగి కారు ఒక పక్కకు ఒరిగితే, మైనస్ 25లో టో ట్రక్కు కోసం ఎదురుచూడటం చిన్న విషయం కాదు.

డబ్బు కన్నా పెద్ద భయం మరొకటుంది. కారు ఎందుకు లేవడం లేదో చూద్దామని కొందరు కిందికి దూరతారు. గడ్డకట్టిన వాల్వు ఎప్పుడు వదులుతుందో ఎవరికీ తెలియదు. రెండు టన్నుల పైబడ్డ బండి ఒక్కసారిగా కిందికి దిగితే మనిషికి కదిలే చోటుండదు. జాకీ ఒక్కటే ఉంటే చాలదు, చాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా తల కూడా దూర్చవద్దని నేను అందరికీ చెప్తూనే ఉంటాను. మీ పుస్తకంలో ఈ హెచ్చరిక ఎక్కడో లోపలి పేజీలో సన్న అక్షరాల్లో ఉంటుంది. అది డాష్‌బోర్డు మీద, లోపం చూపించే లైటుతోపాటే కనబడాలి.

గొట్టాల్లో చేరే ఈ నీళ్లకు మందు తెలియక ఇలా జరుగుతోందంటే నేనూ ఊరుకునేవాణ్ని. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ గాలి సస్పెన్షన్‌తో వచ్చినప్పుడు లీకులతో విసిగి చాలామంది దాన్ని పీకించి స్ప్రింగులు వేయించుకున్నారు. ఆ తర్వాత 1960లలో మెర్సిడెస్ తన 600, 300 ఎస్‌ఈఎల్ కార్లలో గాలి దారి మీద ఒక చిన్న పాత్ర పెట్టింది. చలికాలం వస్తే అందులో ఆల్కహాల్ పోయాలి. గాలితోపాటు ఆ ఆవిరి వెళ్లి నీటిని గడ్డకట్టనిచ్చేది కాదు. ఇవాళ్టి కార్లలో ఎవరూ ఆ పని చేయకూడదు. ఇప్పటి సీళ్లు, గింజలు దానికి తగినవి కావు, పాడైపోతాయి. నేను చెప్పదలిచింది వేరు. గాలిలో నీళ్లుంటాయని, చలికి ముందు వాటి సంగతి చూసుకోవాలని ఆ కారు యజమానికి అప్పట్లోనే చెప్పారు. అది అతని చేతిలో పెట్టిన పని.

లారీల్లో అయితే ఇవాళ్టికీ అంతే. అమెరికా వాహన భద్రతా ప్రమాణం 121 ప్రకారం ఎయిర్ బ్రేకులున్న బండిలో ప్రతి గాలి ట్యాంకుకూ చేత్తో తిప్పగల డ్రెయిన్ వాల్వు ఉండి తీరాలి. ఇక్కడ లారీ లైసెన్సు పరీక్షకు చదివే పుస్తకంలో, ట్యాంకుల్లో నీళ్లు చేరతాయని, చలికి గడ్డకట్టి బ్రేకులు పోతాయని, చేతి వాల్వు ఉన్న ట్యాంకుల్ని రోజూ ఖాళీ చేయాలని వివరంగా రాసి ఉంటుంది. లారీల డ్రయ్యర్‌కు కాట్రిడ్జ్ ఉంటుంది. విప్పి కొత్తది బిగిస్తారు, అంతే. ఆటోనగర్‌లో మా మేస్త్రీ లారీ రాగానే మొదట ట్యాంకు కిందికి వంగి వాల్వు తిప్పేవాడు. బుస్సుమని వచ్చిన నీళ్లలో నూనె ఎంత ఉందో చూసి కంప్రెసర్ రింగుల పరిస్థితి చెప్పేవాడు. మంచు అంటే ఏమిటో ఎరగని బెజవాడలో కూడా గాలి ట్యాంకు నీళ్లు వదలకుండా బండి గేటు దాటేది కాదు. గడ్డకట్టకపోయినా నీరు తుప్పు పట్టిస్తుంది, వాల్వుల్ని తినేస్తుంది. ఇవాళ విశాఖలో, హైదరాబాదులో తిరిగే ఎయిర్ సస్పెన్షన్ కార్లకూ ఆ తుప్పు ముప్పే ఉంది. అక్కడి ఉక్కలో డ్రయ్యర్ మోసే బరువు ఇక్కడికంటే ఎక్కువ.

లారీ డ్రైవరుకు దక్కిన ఆ ఎరుక కారు యజమానికి ఎందుకు దక్కకూడదు?

నేను అడుగుతున్నవేవీ కొత్త పరిశోధన కోరేవి కావు. చాలా కార్లలో డ్రయ్యర్‌ను కంప్రెసర్‌తో కలిపి ఒకే ముక్కగా అమ్ముతున్నారు. దాన్ని విడిగా అమ్మండి. నాలుగు బోల్టులు విప్పితే ఊడివచ్చేలా, కింది నుంచి చెయ్యి అందేలా పెట్టండి. సర్వీసు పుస్తకంలో దానికొక గడువు రాయండి. ఆ గడువు అన్ని ఊళ్లకూ ఒకటే కానక్కర్లేదు. ఉక్క వేసవి, గడ్డకట్టే చలికాలం రెండూ ఉన్న చోట తొందరగా మార్చాలి. మినియాపొలిస్, షికాగో, టొరాంటో అలాంటివే. అరిజోనా ఎడారిలో ఆలస్యమైనా పర్వాలేదు. మార్చాల్సిన వేళ ఆకురాలే కాలమని కూడా రాయండి, ఎందుకంటే వేసవి తడి అప్పటికి గింజల్లో చేరి ఉంటుంది, మంచు ఇంకా పడి ఉండదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కంప్రెసర్ ఎంతసేపు నడిచిందో మీ కంట్రోల్ యూనిట్‌కు ఇప్పటికే తెలుసు, అది వేడెక్కకుండా ఆపుతున్నది మీ లెక్కే. కారు ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు దిగిందో కూడా తెలుసు. బరువు మారకుండా, ఎత్తు మార్చమని ఎవరూ మీట నొక్కకుండా కంప్రెసర్ వారం వారం ఎక్కువసేపు నడుస్తుంటే గాలి ఎక్కడో కారుతున్నట్టే. బయటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సరూ కారులో ఉంది. ఈ మూడూ కలిపి చూస్తే ఆగస్టులోనే "గాలి కారుతోంది, చలికి ముందు చూపించుకోండి" అని చెప్పవచ్చు. దీనికి కొత్త వైరు ఒక్కటీ అక్కర్లేదు. ఇప్పుడు లైటు వెలిగేది కారు కూలబడ్డాక, అప్పటికి డ్రయ్యర్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

పరీక్షలు చేసేవాళ్లను ఒకటి అడగాలి. చలి పరీక్షలకు కార్లను స్వీడన్‌లో ఆర్యెప్లాగ్ లాంటి చోట్లకు తీసుకెళ్తారని మాకూ తెలుసు. అక్కడికి వెళ్లే కారులో కొత్త డ్రయ్యర్ ఉంటుందా, నాలుగైదు వేసవులు చూసిన డ్రయ్యర్ ఉంటుందా? కొత్త గింజలున్న కారు ఎంత చలినైనా తట్టుకుంటుంది. ముందు ఉక్కగదిలో చిన్న లీకు పెట్టి వారాల తరబడి నడిపి, గింజలు నానాక, అదే కారును గడ్డకట్టే చలిలోకి పంపండి. మా గ్యారేజీకి వచ్చే కారు అదే. కంప్రెసర్ గాలి పీల్చే మూతి ఎక్కడుందో కూడా అప్పుడే చూడండి. చక్రం చిమ్మే ఉప్పునీరు, మంచుబురద తగిలే చోట ఉన్న మూతికి ఎంత మంచి డ్రయ్యర్ పెట్టినా చాలదు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నకొద్దీ ఈ పని ఇంకా అవసరమవుతోంది. బ్యాటరీ బరువు మోయడానికి, హైవే మీద బండిని దించి ఎదురుగాలి నిరోధం తగ్గించి మైళ్లు పెంచడానికి చాలా కంపెనీలు ఎయిర్ సస్పెన్షన్ వైపు వస్తున్నాయి. ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు గనుక ఆ కారు యజమాని గ్యారేజీ మెట్లు ఎక్కడమే అరుదు. లీకు ఎవరి కంటా పడదు.

మీ స్థానం నాకు తెలుసు. ఒక భాగానికి సర్వీసు గడువు రాస్తే కారు నడపడానికయ్యే ఖర్చు కాగితం మీద పెరుగుతుంది, అమ్మకాల విభాగం ఒప్పుకోదు. సమావేశంలో కింది వరసలో కూర్చున్నవాళ్లు ఈ మాట ఎత్తడం కష్టమే. అయినా ఎత్తండి. డ్రయ్యర్ ధర, కాలిన కంప్రెసర్ ధర, టో ట్రక్కు ఖర్చు పక్కపక్కన పెట్టి చూపించండి. వారంటీలో వెనక్కి వచ్చిన కంప్రెసర్లు మీ దగ్గరే ఉంటాయి. వాటి డ్రయ్యర్లు విప్పి గింజలు తూకం వేయండి, ఆరబెట్టి మళ్లీ తూకం వేయండి. ఆ తేడా ఏ ఉత్తరం కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

ఇన్ని మార్పులూ ఒకేసారి కుదరవని నాకు తెలుసు. కొత్త డిజైన్ రోడ్డెక్కడానికి ఏళ్లు పడుతుంది, సాఫ్ట్‌వేర్‌కు అనుమతులు కావాలి. డ్రయ్యర్‌కు విడిగా ఒక పార్టు నంబరు ఇవ్వడానికి మాత్రం అంత కాలం పట్టదు. ముందు అదొక్కటి చేయండి. ఈ అక్టోబరులో మా కౌంటరు దగ్గర ఆ నంబరు చెప్పి తెప్పించుకోగలిగితే, మిగతావాటికి ఇంకొన్నాళ్లు ఆగగలం.

ఇట్లు,
మినియాపొలిస్ నుంచి ఒక తెలుగు మెకానిక్